తల్లి చెట్టు, కల్చర్ పామ్

మా కడియం చుట్టుపక్కల ‘పమేరియన్’ అన్న మాటకి ఒకటే అర్థం. తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు, వీపు మీదకి మడుచుకున్న తోక, గేటు బయట సైకిల్ బెల్లు వినపడితే చాలు ఆగకుండా అరుపు. 1990ల్లో మా తరం పిల్లలు దగ్గరగా చూసిన ‘జాతి కుక్క’ ఇదొక్కటే. మిగతావన్నీ ఊరకుక్కలు. డాబా ఇల్లు, మెట్ల కింద స్కూటరు, గేటుకి ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు, లోపల పమేరియను: ఇంటాయన స్థితి చెప్పడానికి ఇంతకంటే అక్కర్లేదు.

చిక్కేమిటంటే, ఆ కుక్కలు చాలామటుకు పోమరేనియన్లు కావు. వాటికి వేరే పేరుంది, ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ వాళ్ళ కాలంలో యూరప్ నుంచి వచ్చిన స్పిట్జ్ కుక్కలు ఇక్కడి ఎండలకీ, ఇక్కడి పెరుగన్నానికీ అలవాటుపడి, తరాల తరబడి ఇక్కడే ఈని, తమదైన ఒక రకంగా స్థిరపడ్డాయి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వాటిని చిన్నవీ పెద్దవీ అని రెండు సైజులుగా విడదీసింది. చిన్నది అయిదు నుంచి ఏడు కిలోలు, పెద్దది పన్నెండు నుంచి ఇరవై దాకా. విదేశీ కుక్కల్ని దిగుమతి చేసుకోవడం కష్టమైన 1980, 90ల్లో మధ్యతరగతికి అందుబాటులో ఉన్న బొచ్చుకుక్క ఇదే. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’లో అంపైరింగ్ చేసి, చివర్లో పెళ్ళి కూడా సరిచేసిన టఫీ ఈ బాపతే. ఆ సినిమా చూసిన వాళ్ళంతా దాన్ని పమేరియన్ అనే అన్నారు.

సౌకర్యం కోసం ఇక్కడ ఒక ఏర్పాటు చేసుకుంటాను. మన వీధుల్లో పెరిగినదాన్ని ‘పమేరియన్’ అనీ, విదేశీ క్లబ్బుల పుస్తకాల్లో ఉన్నదాన్ని ‘పోమరేనియన్’ అనీ రాస్తాను. పేరు తప్పయితే ఏమైంది, కుక్క కుక్కే కదా అనొచ్చు. చాలాకాలం నేనూ అదే అనేవాణ్ణి. కానీ ఈ తప్పు పేరు ఊరికే ఉండలేదు. మెల్లగా ఆ కుక్క ఒంటిని తనకి తగ్గట్టు మార్చుకోవడం మొదలుపెట్టింది. ఆ కథే ఇది.

ముందు అసలు పోమరేనియన్ సంగతి. పోమరేనియా అంటే బాల్టిక్ సముద్రపు దక్షిణపు ఒడ్డు. ఇప్పుడు కొంత జర్మనీలో, ఎక్కువ భాగం పోలండులో ఉంది. అక్కణ్ణించి వచ్చాయన్న పేరుతో మూడో జార్జి భార్య షార్లెట్ రాణి 1767లో రెండు కుక్కల్ని ఇంగ్లండు రాజభవనంలోకి తెచ్చుకుంది. అవి ఒళ్ళో పట్టేవి కావు. గెయిన్స్‌బరో 1777 ప్రాంతంలో ఒక తల్లీ పిల్లా పోమరేనియన్ల బొమ్మ వేశాడు. 1781లో నటి మేరీ రాబిన్సన్ బొమ్మ వేసినప్పుడు ఆమె పక్కన మరో తెల్ల కుక్కని కూర్చోబెట్టాడు. రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, చూడండి. కడియం, మండపేట, రావులపాలెం డాబాల మీద పెరిగిన పమేరియన్లని చూసిన ఎవరైనా, ‘అరె, ఇది మనదే’ అనకుండా ఉండలేరు.

చిన్నబోవడం తరవాత మొదలైంది. విక్టోరియా మహారాణి 1888లో ఫ్లారెన్సు వెళ్ళినప్పుడు మార్కో అనే పోమరేనియన్ని తెచ్చుకుంది. దాని బరువు పన్నెండు పౌండ్లు, అంటే సుమారు అయిదున్నర కిలోలు. రాణిగారి ఒళ్ళో ఉన్న కుక్క చిన్నదైతే దేశమంతా చిన్న కుక్కలే కావాలంటుంది. 1891లో ఆ జాతికి క్లబ్బు కూడా వెలిసింది. చిన్నవాటిని చిన్నవాటితో కలుపుతూ పోయారు. ఇవాళ అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం పోమరేనియన్ బరువు మూడు నుంచి ఏడు పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 3.2 కిలోలు. మార్కో ఇవాళ పోటీకి వెళితే సైజు ఎక్కువని గేటు దగ్గరే ఆపేస్తారు.

కాబట్టి మన పమేరియన్ని ‘నకిలీ పోమరేనియన్’ అనడం చరిత్ర దృష్ట్యా కొంచెం అన్యాయం. గెయిన్స్‌బరో చూసిన కుక్కకి, కనీసం రూపంలో, మనదే దగ్గర. లండన్‌లో మారిపోయిన పేరు ఇక్కడ మారని కుక్క మీద నిలిచిపోయింది.

ఇక ‘ప్యూర్ బ్రీడ్’ అన్న మాట. ఇది కూడా ఆ కాలపు సరుకే. బ్రిటన్‌లో కుక్కల ప్రదర్శనలు 1859లో న్యూకాజిల్‌లో మొదలయ్యాయి, కెన్నెల్ క్లబ్ 1873లో పుట్టింది. అదే ప్రభుత్వం ఇక్కడ 1871-72లో మొదటి జనాభా లెక్కలు తీసి, మనుషుల్ని కులాల వారీగా పట్టికల్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టిందని నేననను. కానీ రెండిటి వెనకా ఉన్నది ఒకే అలవాటు: కదులుతున్నదాన్ని పట్టుకుని గీత గీసి, గీతకి అటు ఉన్నది అటే, ఇటు ఉన్నది ఇటే అని రిజిస్టరులో రాసుకోవడం. తెలుగులో ఈ రెండిటికీ ‘జాతి’ అన్న ఒక్క మాటే సరిపోయింది. ‘జాతి కుక్క’ అని మనం అన్నప్పుడు మన నోట్లో పలికే గౌరవం కుక్క వల్ల వచ్చింది కాదు.

ఆ రిజిస్టరు ఎలా పనిచేస్తుందో నా వృత్తి భాషలో చెబుతాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళం గిట్ అనే పనిముట్టు వాడతాం. కోడ్‌లో చేసిన ప్రతి మార్పుకీ అందులో ఒక నమోదు ఉంటుంది. రెండు దారులు కలిసిన చోట ఆ నమోదుకి ఇద్దరు ‘పేరెంట్స్’ ఉంటారు. అలా వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు. కుక్కల వంశవృక్షం సరిగ్గా ఇదే. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితం మీద కుక్క నంబరు, మైక్రోచిప్ నంబరు, తల్లి, తండ్రి, వాళ్ళ తల్లిదండ్రులు ఉంటారు. జాతి అంటే ఈ లాగే. రక్తంలో చూస్తే కనబడే రంగు కాదు. ఫలానా తల్లికీ ఫలానా తండ్రికీ పుట్టిందని ఎప్పటికప్పుడు ఎవరో నిజాయితీగా రాస్తూ వచ్చారన్న నమ్మకం మాత్రమే.

లాగ్ లేకపోతే మిగిలేది లేబుల్. మన దగ్గర అమ్మకానికొచ్చే ‘ప్యూర్ బ్రీడ్’ పిల్లల్లో చాలావాటికి ఉన్నది అదే. పేపర్లు అడిగితే ‘పేపర్లతో అయితే ఒక రేటు, లేకుండా ఒక రేటు’ అంటారు. టీకాల పుస్తకం ఇచ్చి అదే సర్టిఫికెట్ అనేవాళ్ళూ ఉన్నారు. అందులో జాతి అన్న గడిలో అమ్మినాయన ఏది చెబితే అది పడుతుంది.

సరే, లాగ్ ఉందనుకుందాం. అది మాత్రం ఏం చెబుతుంది? కోడ్ ఎవరు రాశారో చెబుతుంది, కోడ్ పనిచేస్తుందో లేదో చెప్పదు. ఇప్పుడు హైదరాబాదు, విశాఖ అపార్ట్‌మెంట్లలో పమేరియన్ స్థానం ఆక్రమించిన షీట్జూనే తీసుకోండి. చైనాలో దాదాపు అంతరించిపోయాక, విదేశాలకి చేరిన పద్నాలుగు కుక్కల నుంచి ఇవాళ్టి షీట్జూలన్నీ దిగాయని చెబుతారు. అంత చిన్న గుంపు కావడంతో ఒంట్లో తేడాలొస్తున్నాయని, ఇంగ్లండులో ఒక పెంపకందారు 1952లో కావాలనే ఒక పెకినీస్‌తో కలిపింది. కొందరు గోల చేశారు. ఆ సంకరం తరవాత కొన్ని తరాలకి రిజిస్టరులో కలిసిపోయింది. ‘ప్యూర్’ అన్న పుస్తకంలో ఒక పేజీ ఇలా వేరే రంగు కాగితం.

ఇక్కడ మా ఊరి విద్య గుర్తొస్తుంది. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. కాటన్ ఆనకట్ట నీళ్ళూ, గోదావరి ఒండ్రూ, హైవే మీద లారీలూ కలిసి వీటిని నర్సరీల ఊళ్ళు చేశాయి. మొక్కల్లో జాతి అంటే ఏమిటో ఇక్కడ పదో తరగతి తప్పిన కుర్రాడు కూడా చెబుతాడు. మామిడి టెంక పాతి వేరు మొక్క పెంచుతారు. దాని మీద బంగినపల్లి తల్లి చెట్టు నుంచి కోసిన పుల్లని అంటు కడతారు. కింద వేళ్ళు ఎవరివైనా పైన కాసేది ఆ తల్లి చెట్టు కాయే. ఎందుకంటే ఆ పుల్ల తల్లికి పుట్టిన బిడ్డ కాదు, తల్లి శరీరంలో ముక్క. కొత్తపల్లి కొబ్బరి గానీ, సువర్ణరేఖ గానీ, రసాలు గానీ తరాల పాటు పేరు నిలబెట్టుకున్నాయంటే అంటు వల్లే.

టెంక మొక్క దారి వేరు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. పుప్పొడి ఎక్కణ్ణించి వచ్చిందో తేనెటీగకీ ఈగకీ తెలియాలి. మా వీధిలో ఒక నర్సరీ పెద్దాయన కొనేవాళ్ళతో ఇలా అంటుండేవాడు: “అంటు మొక్కకి నాదీ పూచీ అండి. టెంక మొక్కకి మాత్రం దేవుడిది.”

కుక్కపిల్లలన్నీ టెంక మొక్కలే. ఏ తల్లికి పుట్టినా సగం ఆవిడది, సగం తండ్రిది, అది కూడా ప్రతి ఈతలో వేరే వేరే కలగలుపు. అంటు కట్టి మార్కో లాంటి కుక్కని మళ్ళీ తీయలేం. జంతువుల్లో ఒకే అచ్చు పదేపదే రావాలంటే ఉన్న దారి ఒక్కటే: దగ్గర చుట్టాల మధ్యే కలుపుతూ పోవడం. మనుషుల్లో మేనరికాల గురించి డాక్టర్లు చెప్పే జాగ్రత్తలు కుక్కలకి వర్తించకుండా పోవు. మొక్క విషయంలో ఇంత లెక్క తెలిసిన మా మనుషులే కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి అంటు మొక్క కొన్న ధీమాతో డబ్బిస్తారు. పేరు చెప్పారుగా, ఇక కాపు అదే వస్తుందని.

ఆ ధీమాని పట్టుకునే పుట్టింది ‘కల్చర్ పామ్’. ఈ మాట మన దేశపు అంగట్లో తప్ప ఏ కెన్నెల్ క్లబ్ పుస్తకంలోనూ లేదు. ‘కల్చర్’ ముత్యాల నుంచి వచ్చిందో, టిష్యూ కల్చర్ అరటి నుంచి వచ్చిందో చెప్పలేను గానీ, నర్సరీల ఊరి చెవికి ఇది రెండోదిలాగే వినిపిస్తుంది: ల్యాబ్‌లో పెంచిన, తేడా రాని మొక్క అన్నట్టు. దీనికి అన్నలూ తమ్ముళ్ళూ ఉన్నారు. టాయ్ పామ్, మినీ పామ్, టీకప్. టీకప్ అనే సైజుని గుర్తించిన పెద్ద కెన్నెల్ క్లబ్ ఏదీ లేదు.

ఫోనుల్లో విదేశీ పోమరేనియన్ల వీడియోలు చూసినవాళ్ళకి మన పమేరియన్ ఒక్కసారిగా పెద్దదైపోయింది. చిన్నది కావాలి. 2016లో కేంద్రం అమ్మకానికి పిల్లల్ని తీయడం కోసం కుక్కల్ని దిగుమతి చేసుకోవడం ఆపేసింది. బయటినుంచి తెచ్చేది తగ్గి, గిరాకీ పెరిగితే ఏమవుతుంది? ఇంట్లో ఉన్న పమేరియన్ ఈతలో అన్నిటికంటే బక్కగా పుట్టినదాన్ని ఇంకో ఇంట్లో అన్నిటికంటే బక్కగా పుట్టినదానితో కలుపుతారు. మామూలుగా అయితే ఇంటివాళ్ళు ‘పాపం, ఇది బతుకుతుందో లేదో’ అనుకునే పిల్లకి ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ రేటు. లేదా నెల తిరగని పిల్లని తల్లి దగ్గర్నుంచి తీసి ‘ఇది ఇంతే ఉంటుందండి’ అని ఇచ్చేస్తారు.

మా బాబాయి వాళ్ళు అలాగే ఒకదాన్ని తెచ్చుకున్నారు. తెచ్చిన మూడోరోజుకి అది తూలి పడిపోయింది. పశువుల డాక్టరు గారు దాని నెత్తి మీద వేలితో మెల్లగా తడిమి, “మాడు పూడలేదండి” అన్నారు. పసిపిల్లల విషయంలో మా నాయనమ్మ వాడే మాట అది. కుక్క గురించి వినడం మాకదే మొదలు. తూలడానికి కారణం చెప్పి, చిగుళ్ళకి గ్లూకోజు రాయించారు. అంత చిన్న ఒంట్లో చక్కెర నిలవ ఉండదు, నాలుగైదు గంటలు తినకపోతే పడిపోతుంది. “జాతి ఏదండీ?” అని మా పిన్ని అడిగితే ఆయన నవ్వి, “దీనికి ఆకలేస్తోందమ్మా, ముందు అది చూద్దాం” అన్నారు. అది బతికింది. ఏడాదికి ఏడు కిలోలైంది. పిల్లప్పుడు ఎందుకు అంత చిన్నగా ఉందో అప్పుడు అర్థమైంది: వయసు చాలక, తిండి చాలక. మా పిన్ని ఇప్పటికీ దాన్ని కల్చర్ పామ్ అనే పరిచయం చేస్తుంది.

అన్నీ ఇంత మంచి ముగింపులు కావు. బొమ్మ సైజు కుక్కల జబ్బుల జాబితా పశువైద్యులందరికీ కంఠతా వచ్చు. మోకాలి చిప్ప పక్కకి జారడం, అందుకే నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి గెంతుతాయి. గాలిగొట్టం మెత్తబడి నలిగిపోవడం, అందుకే బాతు అరిచినట్టు దగ్గుతాయి. పాలపళ్ళు ఊడకుండానే పక్కన అసలు పళ్ళు రావడం. తలలో నీరు చేరడం. అన్నిటికంటే ముఖ్యంగా కాన్పు. తల్లి నడుము చిన్నది, పిల్ల తల పెద్దది. ఆపరేషన్ చేస్తే గానీ బయటపడని ఈతలుంటాయి. పల్లెల్లో రాత్రి పన్నెండింటికి ఆపరేషన్ ఎవరు చేస్తారు? ఇవి నిఖార్సయిన కాగితాలున్న పోమరేనియన్లకీ వస్తాయి. తేడా ఒకటే. అక్కడ మనసున్న పెంపకందారు తల్లిదండ్రుల మోకాళ్ళు పరీక్ష చేయించి మరీ కలుపుతాడు. లేబుల్ తప్ప ఏమీ లేని చోట ఎవరిని పరీక్షించాలో కూడా తెలియదు.

చట్టం లేదా అంటే ఉంది. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం పిల్లల్ని అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కని కట్టించకూడదు. ఏడాదిలో ఒక ఈతకి మించకూడదు. చదివితే ఎంతో బావుంటాయి. కానీ ఈ వ్యాపారం జరిగేది దుకాణంలో కాదు, వరండాలో. ‘మా చిన్నది ఈనిందండి, నాలుగు పిల్లలు’ అనే మాటకి రిజిస్ట్రేషన్ నంబరు ఎవరడుగుతారు?

జాతి నిలబడ్డానికి కాగితం ఒక్కటే దారి కాదని చెప్పే కుక్క కూడా మన దగ్గరే ఉంది, జోనంగి. కొల్లేరు చుట్టూ, కృష్ణా గోదావరి జిల్లాల్లో బాతులు మేపేవాళ్ళ వెంట తిరిగిన జాగిలం. ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. మామూలు కుక్కలా మొరగడం కన్నా రాగం తీసినట్టు అరుస్తుంది. నేలలో గుంట తవ్వుకుని పడుకుంటుంది. కోత కోసిన చేలల్లో బాతుల గుంపుని చెదరకుండా నడిపేది అదే. దానికి వంశవృక్షం ఎవరూ రాయలేదు. పని చేసిందాని పిల్లల్ని ఉంచుకున్నారు, అంతే. పనే దాని రిజిస్టరు. వరిచేలు చెరువులై, బాతుల మందలు తగ్గాక ఆ రిజిస్టరు మూతబడింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ మొదటగా నమోదు చేసిన కుక్క జాతులు రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. జోనంగికి ఆ వరసలో చోటు దొరకలేదు. పనిచేసే ఊరి జాగిలం మాయమవుతుంటే చూడని మనం, లేని జాతికి మాత్రం పేరు పెట్టి వేలు పోస్తున్నాం.

ఈ బొమ్మ సైజు మోజు కుక్కలతో ఆగలేదు. చిత్తూరు జిల్లా పుంగనూరు ఆవు సహజంగానే పొట్టిది. రాయలసీమ కరువు నేలలో కొంచెం మేతతో బతికే ఆవుగా పేరు. పలమనేరు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకి మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. ఇంకా పొట్టిగా, రెండడుగుల ‘మినియేచర్’ రకాలు మన గోదావరి జిల్లాల నుంచే వార్తల్లోకెక్కాయి. ఆ ఆవుల మంచిచెడ్డలు తేల్చేంత శాస్త్రం నా దగ్గర లేదు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం కుక్కల విషయంలో అడిగినవే. దీని తల్లి ఎత్తెంత? ఎన్ని తరాలు రాసుంచారు? ఈ ఎత్తులో అది ఆపరేషన్ లేకుండా ఈనుతుందా?

అబద్ధపు పేరు ఒక్కటే అయితే ఎవరికీ నష్టం లేదు. మా పమేరియన్లు ముప్పై ఏళ్ళు ఆ పేరుతోనే హాయిగా పెరుగన్నం తిని, పోస్ట్‌మన్ మీద అరిచి, నిండు వయసుకి పోయాయి. పేరుని నిజం చెయ్యాలని ఒంటిని చెక్కడం మొదలుపెట్టిన దగ్గర వచ్చింది తంటా.

కుక్కపిల్లని కొనేటప్పుడు మనం ‘పేపర్లున్నాయా’ అని ఒక్కటే అడుగుతాం. నర్సరీలో అయితే బేరం తెలిసినవాడు ముందు ‘తల్లి చెట్టు చూపించండి’ అంటాడు. ఇక్కడా అదే అడగాలి. తల్లిని చూపించమనండి. దాని వయసెంత, ఇది ఎన్నో ఈత, పోయినసారి ఎప్పుడు ఈనింది, నడుస్తుంటే కాలు ఎత్తుతోందా, పిల్లల్ని చూసి దగ్గరికొస్తోందా. లేబుల్ ఎవరైనా రాయొచ్చు. తల్లిని మాత్రం ఎవరూ రాయలేరు. ‘తల్లి వేరే ఊళ్ళో ఉందండి’ అని సమాధానం వస్తే, మీకు చూపిస్తున్నది ఏ జాతి కుక్కో ఆపాటికే అర్థమైపోయి ఉండాలి.